వదిన నడిపితేనే మిస్సింగ్ కొట్టే బండి

"బండి మంచిగనే ఉన్నది మేస్త్రీ. నడిపే మనిషిని మార్చాలె, గంతే" అని మా ఎలక్ట్రీషియన్ తేల్చేశాడు.

స్పానర్లతో బతికినన్నాళ్లూ ఈ మాట ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. ఒప్పుకున్న పాపాన మాత్రం పోలేదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను. బండిలో తప్పు దొరకనప్పుడు మన చేతికి అన్నిటికంటే దగ్గరగా ఉండే పార్టు డ్రైవరు. దాన్ని విప్పడానికి పానా అక్కర్లేదు, నాలుక చాలు. అందుకే అందరూ ముందు దాన్నే విప్పుతారు.

ముందే ఒక సంగతి చెప్పి పెడతాను. నేను కోతలు కోస్తానని మొయినాబాద్‌లో నన్నెరిగిన ఎవరిని అడిగినా చెబుతారు. రోడ్డు మీద పోయే లారీ దగ్గు విని, దాని డ్రైవరు పొద్దున ఏం తిన్నాడో చెప్పేవాణ్ణని నేను చాలామందికి చెప్పుకున్న మాట నిజమే. ఆ డ్రైవరు ఇడ్లీ తింటుండగా నేను పక్క బల్ల మీద చాయ్ తాగుతున్న సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్పబోయే దాంట్లోనూ ఉప్పు అక్కడక్కడ ఎక్కువ పడితే సర్దుకోండి. వంట మాత్రం నిజంది.

మొయినాబాద్‌లో చేవెళ్ల రోడ్డుకు ఆనుకుని నా షెడ్డు ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు షెడ్డు పోయింది. ఆ సామాన్లు మోసి వేరే చోట పెట్టే పనిలో నడుము పోయింది. రెండూ మళ్లీ నిలబడలేదు కాబట్టి పని మానేశాను. రిటైరైన వాడి వయసు కాదు నాది, ముఖం చూసి మోసపోకండి.

షెడ్డులో సగం నాది, సగం ఎలక్ట్రీషియన్‌ది. అతను రోజూ పక్కూరు హిమాయత్‌నగర్ నుంచి షేర్ ఆటోలో సగం లోపల, సగం బయట వేలాడుతూ వచ్చేవాడు. ఏ బండి వచ్చినా తప్పు ఇంజన్‌దని అతనూ, వైరింగుదని నేనూ వాదించుకునేవాళ్లం. ఆ వాదన అయిపోయేలోగా సగం బండ్లు వాటంతట అవే బాగయ్యేవి. ఈ ఒక్క బండి దగ్గరే అతను ఇంజన్‌నీ అనలేదు, వైరింగునీ అనలేదు. నడిపే ఆమెను అన్నాడు.

ఆమెది దగ్గర్లోని చిన్న మంగళారం అనే ఊరు. పాలకూర, పుదీన, కొత్తిమీర పండించేది. భర్త ఉన్నప్పుడు ఆయన ఒక పాత పెట్రోలు వ్యానులో కూర వేసుకుని చేవెళ్ల మార్కెట్‌కు పోయేవాడు. ఆయన పోయాక ఇంట్లోవాళ్లు అనుకున్నదేమిటంటే, బండి మరిది చేతికి వస్తుంది, కూర దలారి చేతికి పోతుంది అని. ఆమె ఏడుపు అయిపోయాక తాళంచెవి తీసి కొంగున ముడేసుకుంది. కోత అయిపోయిన మక్కచేలో తనంతట తానే బండి తిప్పడం నేర్చుకుంది. గట్టు ఒకటి విరిగింది, కంచె రాళ్లు రెండు ఒరిగాయి, ఒక బర్రె మాత్రం ఆ తర్వాత బతికినన్నాళ్లూ వ్యాను కనపడితే దారి ఇచ్చేదట. ఇది ఆమె చెప్పినదే, నేను కలిపింది కాదు. తర్వాత లైసెన్సు తెచ్చుకుంది. ఊళ్లో మొదట నవ్వినవాళ్లు తర్వాత అదే బండిలో చేవెళ్ల దాకా లిఫ్టు అడిగారు.

ఆమె మా షెడ్డుకు వచ్చిన మొదటిరోజు బండి దిగుతూ అన్న మాట ఇంకా చెవిలో ఉంది.

"మేస్త్రీ, నేను నడిపితే ఇది మొండికేస్తున్నది. మా మరిది కూసుంటే గొర్రెపిల్ల లెక్క పోతున్నది. నేనంటే దీనికి ఏం పగనో జర చూసి చెప్పు."

"ఎప్పుడు మొండికేస్తది అక్కా?"

"పొద్దుగాల మార్కెట్‌కు పోయేటప్పుడు. పోంగ పోంగ ఒక్కసారి డగ్గుడగ్గుమని గుంజుతది. రేస్ ఇస్తే అందుకోదు. జర దూరం గట్లనే గుంజి, మళ్ల ఏం ఎరగనట్టు మంచిగ పోతది. ఒక్కోరోజు అసలే చెయ్యది."

ఆ వ్యాను ఇంజను ముందు ముక్కులో ఉండదు. ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు పైకెత్తి, దాని కింది మూత తీస్తే కనిపిస్తుంది. మూడు సిలిండర్ల ఇంజను. బాగున్నప్పుడు బోనాల ముందు నడిచే డప్పులాగా ఒక లెక్కలో పలుకుతుంది. ఒక సిలిండర్‌లో నిప్పు పడకపోతే ఆ డప్పులో ఒక దెబ్బ తప్పుతుంది. దాన్నే మేం మిస్సింగ్ అంటాం. ఎప్పుడూ మిస్సింగ్ కొట్టే బండిని కళ్లు మూసుకుని బాగుచేయొచ్చు. వచ్చి పోయే మిస్సింగ్ మాత్రం దవాఖాన మెట్లెక్కగానే తగ్గిపోయే జ్వరంలాంటిది. డాక్టరు పట్టి చూస్తే నాడి నవ్వుతుంటుంది.

ప్లగ్గులు తీసి చూశాను. శుభ్రంగా ఉన్నాయి. అయినా మార్చాను. ప్లగ్గుల వైర్లు మార్చాను. కార్బొరేటర్ విప్పి గాలి కొట్టాను. పెట్రోలు ట్యాంకులో నీళ్లు ఉన్నాయేమోనని దించి చూశాను. ఎలక్ట్రీషియన్ కాయిల్ మార్చాడు, డెల్కో విప్పి తుడిచాడు. డెల్కో అంటే మూడు ప్లగ్గులకూ వంతులవారీగా కరెంటు పంచే డబ్బా. తర్వాత ఇద్దరం ఆ బండిలో చేవెళ్ల దాకా పోయి వచ్చాం. ఒక్క దెబ్బ తప్పలేదు. అతను దారంతా ఈల వేశాడు, బండి తాళం వేసింది.

ఆమెకు అప్పగించాం. కొన్నాళ్లకు మళ్లీ తెచ్చింది. మళ్లీ అంతే. మళ్లీ విప్పాం, ఈసారి క్లచ్ ప్లేటు దాకా చూశాం, మళ్లీ తిరిగాం, మళ్లీ బాగుంది. ఎలక్ట్రీషియన్ చేతులు తుడుచుకుంటూ నడిపే మనిషిని మార్చాలన్నది ఆ సాయంత్రమే. ఆమె అక్కడే ఉంది.

ఆమె అతని వైపు తిరగలేదు. నన్నే చూసి అడిగింది.

"నువ్వు గూడ గదే అంటవా మేస్త్రీ?"

"గట్ల అన. నాకు తెల్వదని అంట. తెల్వదనుటానికి, నీ తప్పనుటానికి చానా ఫరక్ ఉన్నది."

"అయితే తెలుసుకో. అమాస ఎల్లినంక మా ఊళ్లె నలుగురు పెద్దమనుషులు కూసుంటున్నరు. మా మరిది కూసోబెడుతుండు. వదినకు నడుపుడు వస్తలేదు, ఎన్నడన్న ఎవరినన్న గుద్దుతది, తాళంచెవి నాకిప్పియ్యుండ్రి అని అడుగుతడట. కొండకల్ దిక్కు ఫ్యాక్టరీకి కూలోళ్లను కిరాయికి తోల్తడట."

"ఇస్తే ఏమైతది?"

"ఏమైతదా. నేను మడికట్ల కూసోని దలారి ఎప్పుడొస్తడా అని తొవ్వ చూడాలె. ఆయన ఎంతంటే గంత. మార్కెట్ల నిలబడి నా కూరకు నేనే ధర చెప్పుడు అలవాటైంది మేస్త్రీ. ఇగ నోరు మూసుకోని కూసునుడు నాతోని కాదు."

ఆమె బండెక్కి పోయింది. గేరు మార్చిన చప్పుడు విన్నాను. పాలలో పెరుగు కలిసినట్టు కలిసింది. ఎలక్ట్రీషియన్ కూడా విన్నాడు. విని సోల్డరింగ్ కడ్డీ వెతుక్కున్నాడు.

మరునాడు మరిది వచ్చాడు. మంచి చొక్కా, బైకు మీద కాలు దించకుండానే మాట. మనిషి చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. తనకు అనుకూలంగా ఉన్న మాటను నిజమని నమ్మే రకం. మనలో చాలామందిమి ఆ రకమే.

"అన్నా, నువ్వు వచ్చి ఒక్క మాట చెప్తే అయిపోతది. బండిల తప్పు లేదు అని. నువ్వు చూసినవు, తప్పు దొరకలే. అబద్ధం ఏం చెప్పమంటలే కద."

"తప్పు దొరకలేదు అన్నది నిజం. తప్పు లేదు అన్నది నిజమో కాదో నాకింక తెల్వదు."

"నేను నడిపితే ఎందుకు చేస్తలేదు మరి? మక్కల సంచులు తోలిన. చుట్టాలను పెండ్లికి తోలిన. ఒక్కనాడన్న గుంజిందా? ఆడమనిషి కాలు అది. క్లచ్ మీద పెట్టి తీస్తలేదు."

ఆ మాటకు నాకు ఎక్కడో కాలింది.

"బండికి కాలు బరువు తెలుస్తది తమ్మీ. ఆ కాలుకు పట్టీలున్నయా, బూటున్నదా దానికి తెల్వది. క్లచ్ ప్లేటు నేను చూసిన, కొత్త పెండ్లికొడుకు లెక్కున్నది. కాలు పెట్టి తీయనోళ్ల క్లచ్ గట్లుండది."

"అంటే నువ్వు రావా?"

"వస్త. నువ్వు చెప్పమన్నది చెప్పుటానికి కాదు. వస్త మాత్రం వస్త."

అతను పోయాక ఎలక్ట్రీషియన్ నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "ఇప్పుడు నువ్వు తప్పు ఎట్లన్న దొరకబట్టాలె. దొరకకపోతే నీ మీసం నేనే తీస్త" అన్నాడు. నాకు మీసం లేదని గుర్తుచేశాను. అయితే పెంచమన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే కథ బాగుంటుంది. హాయిగా పట్టింది. పొద్దున లేచి మొహం కడుక్కుంటుంటే మాత్రం ఒక సంగతి తట్టింది. మేం ఇద్దరం ఆ బండిని ఎన్నిసార్లు నడిపినా మాలాగే నడిపాం. ఆమెలాగా ఒక్కసారి కూడా నడపలేదు. ఆమెలాగా అంటే గేర్లు కాదు. ఆమె బయలుదేరే వేళకు, ఆమె వేసే బరువుతో, ఆమె పోయే దారిన. జబ్బు మనిషిని మన ఇంటికి పిలిపించుకుని చూశామే తప్ప, అతనుండే ఇంటికి మేం పోలేదు.

ఆమెకు ఫోను చేసి, రేపు పొద్దున నీ బండిలో నేనూ వస్తానన్నాను.

"కూరగాయల మీద కూసుంటవా?"

"నీ పక్క సీటు ఖాళీ లేదా?"

"ఆడ కొత్తిమీర కూసుంటది. సరే రా, నీ కోసం దాన్ని ఎన్కకు పంపుత."

తెల్లవారుతుండగా వాళ్ల చేను చేరాను. బోరు దగ్గర ఆమె, ఇద్దరు కూలీ ఆడవాళ్లు కట్టలు కడుతున్నారు. ఆకుకూర అమ్మేవాళ్ల పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. కోసిన కట్టను నీళ్ల తొట్టిలో ముంచి, దులపకుండా తీసి, తడిపిన గోనెసంచి మీద పేరుస్తారు. పైన మళ్లీ తడి గోనె కప్పుతారు. దాని మీద ఇంకో బకెట్ చల్లుతారు. మార్కెట్‌లో దించేసరికి కూర అప్పుడే కోసినట్టు కళకళలాడాలి. నేను చేతులు కట్టుకుని ఆ పని ముచ్చటగా చూశాను. చూశానే గానీ, నిజం చెప్పాలంటే ఆ తడికీ నా పనికీ సంబంధం ఉందని అప్పుడు తట్టలేదు. ఎండాకాలంలో ఎవరైనా నీళ్లు చల్లుతుంటే ఎవరికి అనుమానం వస్తుంది, ప్రాణం హాయిగా ఉంటుంది గానీ.

బయలుదేరాం. ఆమె చక్కగా నడిపింది. గుంత వస్తే ముందే చూసేది. లారీవాడు హారన్ కొడితే తనూ కొట్టేది, వాడికంటే ఒక రవ్వ ఎక్కువసేపు. చేవెళ్ల ఇంకా కొంత దూరం ఉందనగా రోడ్డు కిందికి దిగుతుంది. దిగుడులో ఆమె బ్రేకు తొక్కింది. దిగుడు ముగిసి ఎక్కుడు మొదలైందో లేదో డప్పులో దెబ్బ తప్పింది. తర్వాత ఇంకోటి. బండి గుంజడం మొదలుపెట్టింది.

"ఇగో, షురువైంది" అంది ఆమె. గొంతులో భయం లేదు, విసుగు ఉంది. "చూడు మేస్త్రీ, నా కాలు యాడున్నదో చూడు."

కాలు ఉండాల్సిన చోటే ఉంది. నా కాళ్లే ఉండాల్సినట్టు లేవు. కింద మడమలు తడిశాయి.

"అక్కా, బండి పక్కకు ఆపు."

"ఆపితే మళ్ల ఎక్కుడు ఎక్కది."

"ఎక్కకపోతే నేను నూకుత. ఆపు."

ఆపింది. నేను దూకి, నా సీటు పైకెత్తి మూత తీశాను. ఇంజను వేడికి ఆవిరి లేచింది. మూత వెనక మూల నుంచి నీళ్లు చుక్కచుక్కగా సరిగ్గా డెల్కో నెత్తి మీద పడుతున్నాయి. ఒక్కో చుక్క పడినప్పుడల్లా సన్నగా సుయ్యిమంటోంది. కరెంటు ప్లగ్గుకు పోకుండా తడి మీద నుంచి అడ్డదారిన పోతోంది. వెనక గోనెల నుంచి కారిన నీళ్లు మట్టంగా ఉన్నప్పుడు వెనకే ఉండేవి. దిగుడులో, బ్రేకు పడినప్పుడు ముందుకు పారి, మూత చుట్టూ ఉండాల్సిన రబ్బరు లేని మూల నుంచి లోపలికి దిగేవి. కాసేపటికి ఇంజను వేడికి ఆరిపోయేవి. అప్పుడు బండి ఏం ఎరగనట్టు పోయేది.

ఆ రబ్బరు పాతబడి పెళుసెక్కింది. మూత ఎత్తిన ప్రతి మెకానిక్ చేతిలో ఒక ముక్క రాలింది. ఆ చేతుల్లో నాది కూడా ఉందా అంటే, ఇవాళ్టికీ లేదనే చెబుతాను. ఎవరి దగ్గరా రుజువు లేదు.

మరిది తోలినవి పొడి మక్కలు, పొడి చుట్టాలు. మేం నడిపింది ఖాళీ బండి. అయినా ఒక ముడి మిగిలింది.

"అక్కా, నా దగ్గరికి తెచ్చినప్పుడల్ల బండి ఎండినట్టుండె. ఒక్కనాడన్న తడి కనబడలే. ఎట్ల?"

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"మార్కెట్ల కూర దించినంక ఊడుస్త, పొడిబట్టతోని తుడుస్త, తలుపులు తీసి ఎండల పెడ్త. గప్పుడు నీ దగ్గరికి తెస్త. మంది ముందట పెట్టే బండి గలీజుగుంటే ఏమంటరు? ఆడమనిషి బండి ఎట్ల పెట్టుకున్నదో చూడు అనరా?"

నేను రోడ్డు పక్క రాయి మీద కూర్చుండిపోయాను. మగవాళ్లు తీసుకొచ్చే బండ్లలో ఉల్లిపొట్టు, బీడీ ముక్కలు, ఒకసారి బతికున్న కోడి కూడా చూశాను. వాళ్లనెవరూ ఏమీ అనరు. ఈమె ఒక మాట పడకూడదని, తనను గెలిపించే సాక్ష్యాన్ని ప్రతిసారీ పొడిబట్టతో తుడిచేసి తెచ్చింది.

"ఒక్క ట్యూబు ముక్క పెడితే అయిపోతది. షెడ్డుకు పా, ఇప్పుడే చేస్త" అన్నాను.

ఆమె ఆలోచించింది. తర్వాత తల అడ్డంగా ఊపింది.

"వద్దు. ఇప్పుడు బాగుచేస్తే నా మరిది ఏమంటడు? ఇద్దరు కలిసి ముచ్చట అల్లిండ్రు అంటడు. పెద్దమనుషులు గూడ గట్లనే అంటరు. అమాస దాక నేను ఓర్చుకుంట. తప్పు వాళ్ల కండ్లకే కనబడాలె."

చిలిపి పనులకు నేనే మొనగాణ్ణని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ పదవి ఆ రోజు రోడ్డు పక్కనే వదిలేశాను. డెల్కోను నా చొక్కా అంచుతో తుడిచి, బండి నూకి, ఆమె వెనక పరిగెత్తి ఎక్కాను.

అమావాస్య వెళ్లింది. చిన్న మంగళారంలో పొద్దున్నే నలుగురూ కూర్చున్నారు. వాళ్లలో ఒక పెద్దాయన మాటే ఊళ్లో చెల్లుతుంది. చెవి సరిగ్గా వినపడదని అందరూ అనుకుంటారు. వినదలుచుకోనివి వినడు, అంతే.

మరిది తన మాట చెప్పాడు. బాగానే చెప్పాడు. వదిన మీద కోపం లేదనీ, అన్న బండి అనీ, ప్రాణాల సంగతి అనీ చెప్పాడు. చివరికి నా వైపు తిరిగి, "మేస్త్రీని అడుగుండ్రి, బండిల తప్పు దొరికిందా?" అన్నాడు.

"తమ్ముడు చెప్పింది నిజమే" అన్నాను. మరిది ముఖం వెలిగింది. ఆమె ముఖం మారలేదు, అంతా తెలిసి కూడా చీర కొంగు ముడి మాత్రం గట్టిగా పట్టుకుని ఉంది. "ఆయన నడిపితే గుంజలే, ఆమె నడిపితే గుంజింది. కాని ఆయన ఒక బండి నడిపిండు, ఆమె ఒక బండి నడిపింది. ఇయ్యాల ఆమె కూరతోని, ఆమె తొవ్వల, ఆయనను చేవెళ్ల దాక నడుపమనుండ్రి. గుంజకపోతే తప్పు ఆమెది. తాళంచెవి నేనే ముడి ఇప్పి ఆయన చేతుల పెడ్త."

"గదెంత పని" అన్నాడు మరిది.

పెద్దాయన లేచాడు. "నేను గూడ వస్త. ముంగట కూసుంట" అన్నాడు. అది మాత్రం చక్కగా వినపడినట్టుంది.

బోరు దగ్గర ఎప్పటిలాగే కట్టలు తడిశాయి, గోనెలు తడిశాయి. మరిది బండి అద్దంలో క్రాపు సరిచేసుకున్నాడు. ఆ నీళ్లను అతనూ చూశాడు, నేను మొదటిరోజు చూసినట్టే చూశాడు. అతను స్టీరింగు పట్టాడు, పెద్దాయన పక్కన కూర్చున్నాడు. వెనక పాలకూరకు ఒక పక్క ఆమె, ఒక పక్క నేను. కొంతదూరం పోయేసరికి నా ప్యాంటు ఒక చిన్న చెరువుకు సరిపడా నీళ్లు తాగింది.

మరిది హుషారుగా ఉన్నాడు.

"చూడు వదినా, గేరు గిట్ల మార్చాలె. కాలు గిట్ల పెట్టి గిట్ల తియ్యాలె. బండిని మనం నడుపాలె, అది మనల్ని నడుపొద్దు."

"చూస్తున్న" అంది ఆమె.

దిగుడు వచ్చింది. బ్రేకు తొక్కాడు. మా కాళ్ల మధ్య నుంచి నీళ్లు ముందుకు జారిపోవడం ఆమె చూసింది, నేనూ చూశాను. ఇద్దరం తలలు తిప్పి చెరో కిటికీలోంచి పొలాలు చూడసాగాం. ఎక్కుడు మొదలైంది. ఒక దెబ్బ తప్పింది. మరిది రేస్ ఇచ్చాడు. బండి గుంజింది.

"పెట్రోల్ల కచర ఉన్నట్టున్నది" అన్నాడు.

"నీ వదిన నడిపినప్పుడు పెట్రోల్ మంచిగుండెనా?" అని అడిగాడు పెద్దాయన.

"రోడ్డు గూడ ఏం బాగలేదు తాతా."

"రోడ్డు గూడ నీ వదిన్నే ఏసిందారా?"

నేను నోట్లో ఒక పాలకూర ఆకు పెట్టుకుని నమిలాను. నవ్వు ఆపుకోవడానికి అంతకంటే మందు దొరకలేదు. బండి రెండుసార్లు కుదిపి, ఎక్కుడు మధ్యలో ఆగిపోయింది. మరిది తాళం తిప్పాడు. అది కూయలేదు. ఇంకోసారి తిప్పాడు. మెడ మీద చెమట పట్టింది.

"ఆడమనిషి కాలు అయ్యుంటది" అంది ఆమె వెనక నుంచి, మెల్లగా.

పెద్దాయనను దించి, సీటు ఎత్తి, మూత తీసి చూపించాను. ఏమీ చెప్పలేదు. ఇంత వాగుడుకాయనైన నేను నోరు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి. పెద్దాయన వంగి చూశాడు. పడుతున్న చుక్కను వేలితో పట్టి, వాసన చూశాడు.

"కొత్తిమీర" అన్నాడు. "గీ నీళ్లు దీని మీద పడితే ఎవరు నడిపినా గిట్లనే చేస్తదా?"

"ఎవరు నడిపినా. మీరు నడిపినా."

"నాకు రాదు." ఆయన మరిది వైపు చూశాడు. "నీకూ నాకూ ఇయ్యాల పెద్ద ఫరక్ ఏం లేదు."

నేను డెల్కోను తుడిచి ఆరబెట్టి, విత్తనాల సంచి నుంచి కోసుకొచ్చిన ప్లాస్టిక్ కవరు దానికి టోపీలాగా కట్టాను. అది మార్కెట్ దాకా ఆగుతుంది. ఆ సాయంత్రం షెడ్డులో మూత చుట్టూ కొత్త రబ్బరు వేసి, నీళ్లు వెనకే కారిపోయేలా బండి అడుగున సన్నటి రంధ్రం పెట్టాను. ఆ తర్వాత ఆ బండి మిస్సింగ్ అన్న మాట ఎరగదు. తాళంచెవి మాట ఊళ్లో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ పొద్దున మాత్రం, నేను కవరు కట్టి నడుము సరిచేసుకునేలోపే ఆమె వెనక తలుపు తీసుకుని దిగి ముందుకు వచ్చింది.

"అయిందా మేస్త్రీ?"

"అయింది."

"జరుగు" అంది మరిదితో. అతను దిగాడు. ఆమె ఎక్కింది. తాళం తిప్పితే ఇంజను మూడు సిలిండర్లతో పలికింది.

పెద్దాయన మళ్లీ సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. "నేను దిగ. ఇప్పటిదాక వీని నడుపుడు చూసిన, ఇగ నీది చూడకపోతే న్యాయం కాదు" అన్నాడు.

నేను వెనక ఎక్కబోయాను.

"నువ్వు ఆగు మేస్త్రీ. ఎక్కుడున్నది. ఇద్దరు బరువు మనుషులను మోసుకుంట పోతే మార్కెట్ అయిపోతది. ఆకుకూర మీ ముచ్చట్లకు ఆగది" అని ఆమె బండి ముందుకు తోలింది. నా తడి ప్యాంటుతో, చేతిలో స్క్రూడ్రైవర్‌తో నేను, క్రాపు చెదిరిన మరిది, ఇద్దరం రోడ్డు మీద మిగిలాం. వ్యాను ఎక్కుడు మీద ఒక్క దెబ్బ తప్పకుండా పోయింది. పైకి చేరాక ఎదురొచ్చిన లారీ హారన్ కొట్టింది, ఆమె తిరిగి కొట్టింది. ఆ హారన్ సంగతి మాత్రం ఇప్పటికీ నేను ఉన్నదానికంటే గట్టిగానే చెబుతుంటాను.

మరిది చెప్పు అంచుతో కంకర నెడుతూ నిలబడ్డాడు. చివరికి అన్నాడు.

"గీ ముచ్చట నన్ను షెడ్డుకు పిలిచి చెప్తే అయిపోతుండె కద అన్నా. గింత మంది ముందట ఎందుకు?"

"నువ్వు ఆమెను అన్నది ఎక్కడ తమ్మీ? మంది ముందట్నే కద."

అంతలో చేవెళ్ల వైపు పోయే షేర్ ఆటో వచ్చి ఆగింది. కిక్కిరిసి ఉంది. డ్రైవరు తల బయటపెట్టి, ఒక్కరికే చోటుందన్నాడు.

మరిది నా వైపు చూశాడు. వయసులో పెద్దవాణ్ణి, ఇంజను మీద వంగి నడుము పట్టినవాణ్ణి, ప్యాంటు తడిసినవాణ్ణి. నన్నే ఎక్కమనాలని అతను అనుకున్నాడో, అననక్కర్లేదని నేను అనుకున్నానో గానీ, అతను నోరు తెరిచేలోపే ఎక్కి కూర్చున్నాను. ఆటో కదిలాక వెనక్కి తిరిగి చూడలేదని చెబితే పెద్దరికంగా ఉంటుంది. రోడ్డు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నాను.